గుట్టకు పోయే జట్టు

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి అడవిలో ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన ఎనభై మంది దాకా తిరుగు దారిలో చిక్కుకుపోయారు. పోయేటప్పుడు దాటిన వాగు, వచ్చేసరికి పొంగి దారికి అడ్డంగా నిలిచింది. చీకటి పడుతోంది. వాన ఆగడం లేదు. ఎవరో ఫోన్ కలిపి పోలీసులకు చెప్పగలిగారు. వాగు దాటే ప్రయత్నం చేయొద్దని, ఎత్తయిన చోటికి చేరి కదలకుండా ఉండమని అవతలి నుంచి జవాబు వచ్చింది. అర్ధరాత్రి దాటాక జాతీయ విపత్తు దళం వాళ్లు, పోలీసులు కలిసి అందరినీ క్షేమంగా ఇవతలికి చేర్చారు. ఆ రాత్రే అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ రికార్డు కాలేదు.

జలపాతానికి పోవాలన్న ఆ ఉత్సాహంలో తప్పేమీ లేదు. వానాకాలంలో చూడకపోతే జలపాతాన్ని ఇంకెప్పుడు చూస్తారు? అయితే వాతావరణ హెచ్చరిక ఏం చెప్పింది, ఆ వాగు ఎంత సేపట్లో పొంగుతుంది, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి అన్న సంగతులు తెలిసిన మనిషి ఒకరు ప్రతి గుంపులోనూ ఉండాలి. వరంగల్ ప్రాంతానికి ఇదేమీ కొత్త విద్య కాదు. పదిమందిని వెంటేసుకుని అడవిలోకి, గుట్టమీదికి పోయి అందరితో తిరిగి రావడం ఇక్కడ తరతరాలుగా నడుస్తున్న పని. శని, ఆదివారాల్లో బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరే నేటి కుర్రకారు, తెలిసో తెలియకో ఆ పాత తోవల మీదే నడుస్తున్నారు.

ముందుగా ఈ నేల సంగతి. హన్మకొండ చౌరస్తాలో నిలబడితే ఏ వైపు చూసినా ఏదో ఒక గుట్ట తగులుతుంది. పద్మాక్షి గుట్ట, మెట్టుగుట్ట, గోవిందరాజుల గుట్ట, కోట లోపల ఏకశిల, అన్నీ నల్లరాతి బండలే. పద్మాక్షి గుట్ట మీది శాసనం 1117 నాటిది. కాకతి ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసదిని కట్టించిందని అది చెబుతుంది. రుద్రదేవుని వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. అంటే ఊరి మధ్యన కాకతీయుల పెద్ద గుడి లేవడానికి నాలుగు దశాబ్దాలకు పైగా ముందే జనం ఈ గుట్ట ఎక్కి దిగుతున్నారన్నమాట. ఇప్పటికీ బతుకమ్మ నాడు హన్మకొండ ఆడపడుచులు చేరేది ఆ గుట్ట కిందికే.

ఈశాన్యంగా ములుగు, భూపాలపల్లి వైపు సాగితే రాయి మారుతుంది. నల్లరాతి గుండ్ల స్థానంలో పొరలు పొరలుగా ఇసుకరాయి కనిపిస్తుంది. వాననీరు, గాలి కలిసి దాన్ని దొలిచి గుహలు, చూరుబండలు, నిలువు గోడలు, ఇరుకు సందులు చేశాయి. రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు అటువంటివే. మైలారం గుహలూ ఆ వైపువే. ఈ రెండు రకాల రాయికి తేడా తెలియకుండా ఈ ప్రాంతంలో జట్టును గుట్ట ఎక్కించకూడదు. దానికి కారణం ముందు ముందు వస్తుంది.

అడవిలో జట్టుగా నడవడం ఎలాగో చూడాలంటే మేడారం తోవ పట్టాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు నలుగురు దేవతలు నాలుగు చోట్ల నుంచి వస్తారు. సమ్మక్క చిలుకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి. పూనుగొండ్ల ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి నుంచి పెనక వంశపు కోయ పూజారులు పగిడిద్దరాజును తీసుకుని అడవి దారిన కాలినడకన బయలుదేరుతారు. నడుమ ఒక ఊళ్లో రాత్రి బస. మరునాటికి మేడారం చేరాలి. ఎక్కడ ఆగాలి, ఏ వాగు ఎక్కడ దాటాలి, ఎవరు ముందు నడవాలి అన్నది ఒక తరం నడుస్తూ నేర్చుకుంటే, ఆ వెనకే నడిచి మరో తరం నేర్చుకుంది.

జాతరకు వచ్చే మామూలు జనం పద్ధతీ గమనించదగ్గదే. రోడ్లు, ఆర్టీసీ బస్సులు పెరగకముందు ఊరూరి నుంచి ఎడ్లబండ్లు వరుసకట్టి కదిలేవి. బియ్యం, వంట సామాను, ఎడ్లకు మేత, పిల్లలు, ముసలివాళ్లు బండిలో ఉంటే వయసువాళ్లు పక్కన నడిచేవారు. బండ్లు ఒకదానికొకటి కనుచూపులో ఉండాలి. ఒక బండి ఇరుసు విరిగితే మిగతావి ఆగాలి. చీకటి పడేలోగా నీళ్లున్న చోట దిగాలి. ఈనాటి ట్రెక్కింగ్ నిర్వాహకులు చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఇందులోనే ఉన్నాయి. కాలం ఎంపిక కూడా చూడండి. మాఘ పౌర్ణమి నాటికి మేడారం దగ్గరి జంపన్న వాగులో వరద తగ్గి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు, వెన్నెల వెలుతురుంటుంది. వరంగల్ అడవుల్లో నడకకు ఏడాది మొత్తంలో అంతకన్నా అనువైన రోజులు లేవు.

చిలుకలగుట్ట గురించి మరో సంగతి చెప్పాలి. జాతరలో లక్షల కళ్లు ఆ గుట్ట వైపే ఉంటాయి. అయినా పైకి వెళ్లేది పూజారులు మాత్రమే. మిగతావాళ్లు కిందనే ఆగుతారు. సమ్మక్కతో పూజారి దిగివచ్చే వేళ జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలకడం ఆనవాయితీ. రాజ్యమే గుట్ట కింద నిలబడి ఎదురుచూసే చోటు అది. ఎక్కగలిగిన ప్రతి గుట్టనూ ఎక్కాలని లేదన్న మర్యాదను కోయలు ఈ అడవికి నేర్పారు. ఆదివారపు జట్లు పట్టించుకోవలసిన మొదటి నియమం ఇదేనని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతారు.

పూజారులు, భక్తులు, పశువుల కాపరులు, తునికాకు ఏరేవాళ్లు కాక వేరే పని మీద ఈ అడవుల్లో నడిచినవాళ్లు కొందరున్నారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఆనవాళ్లు కనుక్కున్నాడు. ఆయన వాగుల ఒడ్డున, గుట్టల అంచున రాతి పొరలు చూసుకుంటూ గోదావరి లోయంతా తిరిగాడు. సింగరేణి గనుల కథంతా ఆ తిరుగుడు నుంచే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గోదావరి ఒడ్డు కొండరెడ్ల పల్లెలకు వెళ్లాడు. 1945లో వచ్చిన ఆయన పుస్తకం వాళ్ల గురించే. 1953లో ఖమ్మం జిల్లా వేరుపడే దాకా వరంగల్ జిల్లా ఆ గోదావరి ఒడ్డు వరకూ విస్తరించి ఉండేది. గుడారాలు, సామాన్లు మోసే మనుషులు, దారి చూపే గిరిజనుడు లేనిదే ఇటువంటి ప్రయాణం ఒక్కటీ సాగలేదు. పుస్తకాల మీద పేర్లు వాళ్లవి కావు గానీ, ప్రతి అడుగూ వాళ్లు చూపిన తోవలోనే పడింది.

ఇక పడుచువాళ్లు సరదాగా, సెలవు రోజున, జట్టుగా కొండకు పోవడం అన్నది ప్రపంచంలో ఎక్కడ ఉద్యమమైందో కూడా చూద్దాం. 1901లో బెర్లిన్ శివారు స్టెగ్లిట్జ్‌లో బడిపిల్లలు కొందరు వాండర్‌ఫోగెల్ అనే సంఘం పెట్టుకుని అడవుల్లో నడకలు మొదలుపెట్టారు. 1909 ఆగస్టు 26న రిచర్డ్ షిర్‌మాన్ అనే జర్మన్ పంతులు తన పిల్లల్ని చాలా రోజుల నడకకు తీసుకెళ్తూ గాలివానలో చిక్కుకుని ఒక పల్లె బడిలో తలదాచుకున్నాడు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, నడిచే పిల్లలకు అవే బసలు ఎందుకు కాకూడదని ఆ రాత్రి ఆయనకు తోచింది. 1912లో ఆల్టేనా కోటలో శాశ్వతంగా ఒక యూత్ హాస్టల్ వెలిసింది. ఇంగ్లండులో దారి కోసమే కొట్లాడాల్సి వచ్చింది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల పనిచేసే యువతీయువకులు వందల సంఖ్యలో, ఇరవై ఏళ్ల బెన్నీ రాత్‌మన్ ముందు నడవగా, భూస్వాములు వేటకోసం కట్టడి చేసుకున్న కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. ఆ కొండలున్న పీక్ డిస్ట్రిక్ట్ 1951లో ఆ దేశపు తొలి జాతీయ పార్కు అయింది.

ఆ యూత్ హాస్టల్ ఆలోచన స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో మన దేశంలోనూ సంఘంగా రూపుదిద్దుకుంది. తర్వాత ప్రభుత్వం పలు ఊళ్లలో కట్టించిన యూత్ హాస్టళ్లలో వరంగల్‌కూ ఒకటి దక్కింది. అప్పటికి ఊరు విద్యార్థులతో నిండుతోంది. 1959 అక్టోబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ దేశంలో ఆ వరుసలో మొదటిది. అదే ఏడాది మెడికల్ కాలేజీ వచ్చింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం. 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం పిల్లల్ని పల్లెల్లో శిబిరాలకు తీసుకెళ్లడం నేర్పింది. పాఖాల చెరువు, రామప్ప, లక్నవరం విద్యార్థుల విహారయాత్రలకు ఆనవాయితీ చోట్లయ్యాయి. గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన పాఖాల కట్ట మీద నిలబడి సద్దిమూట విప్పని వరంగల్ విద్యార్థి ఆ తరంలో అరుదు.

ఆ పైన కాలం వేరే మలుపు తిరిగింది. 1978 వేసవిలో ర్యాడికల్ విద్యార్థి సంఘం గ్రామాలకు తరలండి అని పిలుపునిచ్చింది. కాలేజీ పిల్లలు చిన్న చిన్న జట్లుగా ఊరి నుంచి ఊరికి నడిచారు. వాళ్లు పోయింది గుట్టల అందం చూడటానికి కాదు, రాజకీయం మాట్లాడటానికి. ఆ తర్వాతి ఇరవై, ఇరవై అయిదేళ్లు ఏటూరునాగారం, తాడ్వాయి, గోవిందరావుపేట అడవులు ఒకవైపు నక్సలైటు దళాలు, మరోవైపు పోలీసులు తిరిగే చోట్లయ్యాయి. బ్యాగు తగిలించుకున్న పాతికేళ్ల కుర్రాడు అడవి దారిలో కనబడితే రెండు వైపుల నుంచీ ప్రశ్నలే. తల్లిదండ్రులు పిల్లల్ని రామప్ప గుడి దాకా పంపేవారు, అది దాటి పంపేవారు కాదు. అడవిలో నడక తెలియకుండానే వరంగల్‌లో ఒక తరం పెరిగింది. ఈ లోటును ఎవరూ లెక్కగట్టలేదు గానీ, ఇప్పటి జట్లలో వాగు స్వభావం తెలిసినవాళ్లు తక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. పైతరం నుంచి నేర్చుకునే గొలుసు నడుమన తెగింది.

ఆ గడ్డు రోజుల్లోనే, 1990లో, పాండవుల గుట్టల్లోని రాతి చిత్రాలు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. ఎర్రని, పసుపు, తెల్లని రంగుల్లో, కొన్నిచోట్ల అరుదైన ఆకుపచ్చలో గీసిన బొమ్మలవి. అడవిదున్నలు, జింకలు, పులి, చిరుత, విల్లంబులు పట్టిన మనుషులు, వృత్తాలు, స్వస్తిక గుర్తులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఈ చోట్లు ముందునుంచీ తెలుసు. పాండవులు అరణ్యవాసంలో ఇక్కడే ఉన్నారని చెప్పుకుంటూ ఒక్కో బండకు ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఒక గుహ గొంతెమ్మది, అంటే కుంతీదేవిది. మరో చోటు ఎదురు పాండవులు. మేకల కాపరుల నోట పడిన ఆ పేర్లే ఇవాళ పురావస్తు నివేదికల్లోనూ నిలిచాయి.

గుహాచిత్రాల చరిత్రలో కాలినడకకు పెద్ద పీటే ఉంది. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కాను 1957లో విష్ణు శ్రీధర్ వాకణ్‌కర్ రైల్లో పోతూ కిటికీ నుంచి చూశాడు. ఈ బండల ఆకారం ఐరోపాలో తాను చూసినవాటిలా ఉందే అనుకుని, తర్వాత జట్టుతో నడిచి వెళ్లి బొమ్మలు కనుక్కున్నాడు. ఫ్రాన్సులోని లాస్కో కథ ఇంకా దగ్గరిది. 1940 సెప్టెంబర్ 12న మార్సెల్ రవిదా అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మరో ముగ్గురు పిల్లలతో కలిసి కొండమీది బొరియలోకి దిగాడు. లోపల వేల ఏళ్ల నాటి ఎద్దులు, గుర్రాలు. వాళ్లు బడి పంతులుకు చెప్పారు. గుహను ఎవరూ పాడుచేయకుండా కాపలాకు ఆ పిల్లల్లోనే కొందరు పక్కన గుడారం వేసుకున్నారు. తర్వాత గుహను జనం చూడటానికి తెరిచారు. రోజూ వందల మంది ఊపిరి, చెమట, దీపాల వేడి తగిలి గోడల మీద పాచి పట్టింది. 1963లో మూసేయక తప్పలేదు. నలుగురు కుర్రాళ్ల నడక ఆ బొమ్మలను లోకానికి చూపిస్తే, హద్దులేని గుంపు పదిహేనేళ్లలో వాటిని ప్రమాదంలోకి నెట్టింది.

పాండవుల గుట్టల చిత్రాలున్నవి మూసిన గుహల్లో కాదు, చాలావరకు గాలి ఆడే చూరుబండల కింద. కాబట్టి ఊపిరితో వచ్చే ముప్పు తక్కువ. కానీ చెయ్యి తగిలితే రంగు పోతుంది. బండ కింద పొయ్యి పెడితే పొగ పట్టేస్తుంది. ఫొటోలో రంగు బాగా కనబడాలని నీళ్లు చల్లేవాళ్లున్నారు, అది ఇంకా చెడ్డది. ప్రేమికుల పేర్లు, కాలేజీ బ్యాచ్ నంబర్లు రాసే దుండగం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడటం అనవసరం. వేల ఏళ్లు నిలిచిన గీత మీద పేరు చెక్కేవాణ్ని జట్టులోంచి అక్కడికక్కడే వెనక్కి పంపాలి.

ఈ గుట్టలే ఇప్పుడు రాక్ క్లైంబింగ్‌కు పేరుపడ్డాయి. గత పదేళ్లలో అటవీ, పర్యాటక శాఖలు, జిల్లా యంత్రాంగం కలిసి ఇక్కడికి యువతను రప్పించే ప్రయత్నాలు చేశాయి. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడే రాయి తేడా పనికొస్తుంది. నల్లరాయి వాన వెలిసి ఆరితే మళ్లీ ఎక్కొచ్చు. ఇసుకరాయి అలా కాదు. తడి లోపలికి ఇంకి రాయి బలం తగ్గిస్తుంది. పైకి ఆరినట్టు కనబడ్డా, పట్టుకున్న పలక చేతిలోకి ఊడి వచ్చే ప్రమాదముంది. పడేవాడి ప్రాణానికే కాదు, రాయికీ నష్టమే, ఊడిన పలక మళ్లీ మొలవదు. అందుకే ఇసుకరాతి కొండలున్న దేశాల్లో వాన కురిసిన వెంటనే ఎవరూ ఎక్కరు. పాండవుల గుట్టకు జట్టును తీసుకెళ్లేవాళ్లు ముందు రోజు ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి వాన పడిందా అని అడిగితే సగం పని అయినట్టే.

వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో భువనగిరి ఉంది. ఊరిని ఆనుకుని ఒకే నల్లరాతి బండ గుడ్డు ఆకారంలో ఆకాశంలోకి లేచి నిలుస్తుంది. దాని మీది కోట చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని కాలపుది. కోటకు మెట్ల దారి ఒక వైపు. మరో వైపు వాలు బండ మీద తాళ్లు వేలాడుతుంటాయి, అది రాక్ క్లైంబింగ్ బడి. తెలుగు నేలపై పిల్లల జట్టును కొండకు సిద్ధం చేసిన అతి పెద్ద ప్రయత్నం ఇక్కడే జరిగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి 110 మంది పిల్లల్ని ఎంపిక చేసి ఈ బండ దగ్గరికి తెచ్చారు. గురుకులాల సంస్థ కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ సంకల్పం, పర్వతారోహకుడు శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షణ తోడయ్యాయి. ఆ 110 మందిలోంచి ఇరవై మంది డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. వాళ్లలో తొమ్మిది మంది లద్దాఖ్ చలిలో తర్ఫీదు పొందారు. చివరికి ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్.

2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు మీద నేపాల్ వైపు మంచు చరియ కూలి పదహారు మంది కొండ కూలీలు, షెర్పాలు చనిపోయారు. ఆ వైపు ఎక్కడాలు ఆ ఏటికి దాదాపు ఆగిపోయాయి. పూర్ణ, ఆనంద్ టిబెట్ వైపు నుంచి ఎక్కుతున్నారు. వెనక్కి వస్తారా అని అడిగితే రామన్నారు. మే 25 ఉదయం ఇద్దరూ శిఖరం మీద నిలిచారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు, అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. ఎనిమిది రోజుల తర్వాత, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

ఈ కథను ఇద్దరి ఘనతగా మాత్రమే చెప్పుకోవడం అలవాటైంది. కానీ మిగతా 108 మంది సంగతి ఏమిటి? వాళ్లంతా మొదటిసారి నడుముకు తాడు కట్టుకున్నారు, కింద తాడు పట్టుకున్న తోటివాణ్ని నమ్మి బండ మీద వెనక్కి వాలారు. తాడు పట్టడమంటే ఇంకొకరి ప్రాణం చేతిలో పట్టుకోవడమే. దళిత, గిరిజన కుటుంబాల పిల్లలకు ఖర్చు లేకుండా ఆ అనుభవం దొరకడం చిన్న విషయం కాదు. ట్రెక్కింగ్ బూట్లు, బ్యాగు, కారు ఉన్నవాళ్ల వారాంతపు సరదాగా గుట్ట నడక మిగిలిపోతే, ఆ గుట్ట కింద పుట్టిన పిల్లలకు దానిలో వాటా ఉండదు.

నడక జట్ల వల్ల వెలుగులోకి వచ్చినవి వరంగల్ చుట్టూ ఇంకా ఉన్నాయి. ములుగు దగ్గర కొత్తూరు గ్రామం ఎగువన దేవుని గుట్ట మీద ఒక పాత గుడి ఉంది. గోడల నిండా బొమ్మలు, ఒక్కో బొమ్మ ఎన్నో రాతి పలకల మీద ముక్కలుగా చెక్కి అతికినట్టు ఉంటుంది. ఊరివాళ్లకు తెలిసిన ఆ గుడి దగ్గరికి చరిత్ర మీద మక్కువ ఉన్న వరంగల్ యువకులు ఎక్కి వెళ్లి, తీసిన ఫొటోలు పదిమందికి చూపించాక పండితుల చూపు అటు మళ్లింది. జర్మన్ కళాచరిత్రకారిణి కోరినా వెసెల్స్ మెవిసెన్ వచ్చి పరిశీలించారు. కాకతీయుల కంటే శతాబ్దాల ముందటి కట్టడమని తేలింది. గుట్ట మీదికి రోడ్డు ఉండి ఉంటే ఈపాటికి ఆ పలకల్లో ఎన్ని మిగిలేవో అన్న అనుమానం రాకమానదు.

రామప్ప సంగతీ అలాంటిదే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021 జూలై 25న యునెస్కో గుర్తింపు దక్కింది. వెనక విశ్రాంత ఐఏఎస్ అధికారి బి.వి. పాపారావు, వరంగల్ ఎన్ఐటీ ఆచార్యులుగా పనిచేసిన పాండురంగారావు తదితరుల కాకతీయ హెరిటేజ్ ట్రస్టు ఏళ్ల తరబడి పడిన కష్టముంది. 2008 నుంచి యునెస్కో నడుపుతున్న ప్రపంచ వారసత్వ వాలంటీర్ల శిబిరాలు రామప్ప దగ్గరా జరిగాయి. వచ్చిన యువతీయువకులు గుడితో పాటు చెరువు, చుట్టుపక్కల అడవిలోని చిన్న ఆలయాలు, ఊరి పనివాళ్ల చేతి విద్యలు చూశారు, శుభ్రం చేశారు, కొలిచారు, రాసుకున్నారు. నడిచి వెళ్లి చూసి వచ్చేయడం కన్నా అక్కడ నాలుగు రోజులు పనిచేయడం మెరుగన్నది ఇటువంటి శిబిరాల్లో తేలిన సంగతి.

అయితే అన్ని గుట్టలూ ఇప్పటికీ అందరికీ తెరిచి లేవు. 2025 ఏప్రిల్‌లో వెంకటాపురం, వాజేడు వైపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో భద్రతా బలగాలు పెద్ద ఎత్తున గాలింపు సాగించాయి. గుట్టల చుట్టూ మందుపాతరలు పెట్టామని, జనం రావొద్దని మావోయిస్టులు అంతకుముందే హెచ్చరించారు. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక బొగత జలపాతం వరంగల్‌కు ఒక్కరోజు ప్రయాణమైంది. కానీ అక్కడి నుంచి ఇంకొంచెం లోపలికి పోదాం అనే ఉబలాటం ఏ దారికి చేర్చుతుందో ఊరివాళ్లను అడగకుండా తెలియదు. ప్రకృతి కూడా దారులు మారుస్తుంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలులు వీచి వేల చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. నిరుడు నడిచిన తోవ ఈ ఏడు ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

కాబట్టి హన్మకొండ నుంచి ఒక కాలేజీ జట్టు గుట్టకు బయలుదేరితే ఏం చేయాలి? నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లడం మేలు. మార్చి దాటితే నల్లబండలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. అభయారణ్యంలో నడకకు అటవీ శాఖ అనుమతి కావాలి. ముందొకరు, చివర ఒకరు దారి, జట్టు తెలిసినవాళ్లుండాలి. చివరివాడు చేరేదాకా ముందువాడు ఆగాలి. వాగు దాటే చోట ఒడ్డున నీటి మట్టానికి ఒక రాయి గుర్తు పెట్టి, అది మునుగుతోందంటే కదిలిపోవాలి. పెద్ద తేనెపట్టున్న బండ కింద సిగరెట్టు, అత్తరు, కేకలు పనికిరావు. నీళ్ల సీసాలు ఎన్ని తీసుకెళ్తే అన్నీ వెనక్కి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం ఆ ఊరి మనిషి ఒకరు జట్టుతో నడవడం, ఆయనకు ఆ రోజు కూలికి తగ్గకుండా ముట్టజెప్పడం.

ఆ ఊరి మనిషి దగ్గరే ఈ వ్యవహారమంతా ఆగి ఉంది. కింగ్‌కు దారి చూపినవాడు, హైమెన్‌డార్ఫ్ సామాను మోసినవాడు, పాండవుల గుట్టలో బండలకు పేర్లు పెట్టిన కాపరి, అందరూ ఆ కోవలోనివాళ్లే. ఇవాళ రేగొండ మండలంలోనూ ములుగు అడవి పల్లెల్లోనూ డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు. వాళ్లకు తాడు పట్టడం, ప్రథమ చికిత్స, రాతి చిత్రాలను ముట్టకుండా చూపించడం నేర్పి, గుర్తింపు కార్డు ఇచ్చి, వాళ్లు లేనిదే జట్లను గుట్ట మీదికి పంపకూడదన్న నియమం పెట్టడం జిల్లా యంత్రాంగానికి కోట్ల పని కాదు. వచ్చే జట్ల సంఖ్యకు రోజువారీ హద్దు పెట్టడమూ అక్కడి నుంచే సాధ్యమవుతుంది. గురుకులాల పిల్లల కోసం భువనగిరిలో వాడిన పద్ధతి కళ్లముందే ఉంది, శిక్షకులు ఉన్నారు, భూపాలపల్లి బడుల నుంచి పాండవుల గుట్ట బస్సులో గంట లోపు దూరం.